పుచ్చుకు ముందు

ముక్క చిన్నది.
దబ్బనమంత సూదితో గుంజితే
నూలుపోగంత వచ్చింది ఈదమ్మ కార్జం.
రాత్రంతా మందునీళ్లల్ల నానబెట్టి
పొద్దుగాల మైనంల పోతపోసిన.
నా పని ఇంతే: కోసుడు, రంగులద్దుడు,
అద్దం బిళ్ల మీద నంబరు రాసి
నస్రీన్ మేడం బల్ల మీద పెట్టుడు.
చూసుడు నా పని కాదు.
ఇరవై రెండేండ్ల నుంచి చూస్తనే ఉన్న.

మంచి కార్జం వరుస తప్పదు.
మడిల నారు నాటినట్టు ఒంటిపేట కణాలు,
సాళ్ల నడుమ నెత్తురు కాలువలు,
అన్నీ నడిమి వాగు దిక్కే పారుతయి.
ఈదమ్మది అట్ల లేదు.
ఎవరో గెట్లు జరిపిండ్రు.
మానిన గాయాల నార కంచెలు పాతింది,
కంచెకొక గడ్డ,
గడ్డకొక కట్టుబాటు.

అండ్ల ఒక మూల,
పెద్ద కటకం తిప్పితేనే కనబడ్డది,
కణాలు చిన్నగయినయి.
కణం చిన్నగయింది గాని నడిమి గింజ కాలేదు.
బొంబాయి బస్సుల కూలోళ్ల లెక్క
ఒకరి భుజం మీదికి ఒకరు ఒరిగిండ్రు.
ఒంటిపేట ఉండాల్సిన కాడ రెండు,
అక్కడక్కడ మూడు.
వెండిరంగు వేసి చూసిన:
నల్లటి దారాల చట్రం సన్నబడ్డది, తెగలేదు.
తెగితే దాని పేరు వేరే.

మేడం చాలాసేపు తల ఎత్తలేదు.
చాయ మీద మీగడ కట్టింది.
"ఇంకా కాదు" అన్నది.
కొంచెం ఆగి, "కానీ" అన్నది.
ఆ రెండు మాటల నడుమ ఎంత జాగ విడవాల్నో
టైపు చేసే పిల్లకు తెల్వలే.

కల్లు తాగుతవా అని అడిగిండ్రు. తాగది.
కామెర్లు వచ్చినయా? ఎన్నడు రాలే.
అడిగిందే అడిగిండ్రు.
పల్లీల సంగతి ఎవ్వరడగలే,
నేను గూడ, ఆమె గోర్లు చూసేదాకా.

వనపర్తి యార్డుల ముప్పై ఏండ్లు గింజలేరింది.
నున్నటివి షావుకారువి.
ముడత పడ్డవి, నల్లబడ్డవి,
పచ్చబూజు దుమ్ము పట్టినవి
కూలి పైసల మీద కొసరుగ కొంగుల పోస్తరు.
ఆ కొంగే తొక్కు నూరింది,
పిల్లలకు బెల్లంతో ముద్దలు కట్టింది.
వేయిస్తే చేదు పోతదని వాళ్లమ్మ చెప్పిందట.
చేదు పోతది.
బూజు విడిచింది మాత్రం పోదు.
అది కణం లోపలి గింజ దాకా నడిచిపోయి
ఒక్క అక్షరం దిద్ది వస్తది.
పహాణీల ఒక్క అంకె దిద్దినట్టు:
పొలం అదే, పట్టా ఇంకొకరిది.

శనివారం మేడం లేదు.
చూపియ్యరాదు, అయినా చూపించిన.
ఈదమ్మ కొంగు సర్దుకోని, ఒక కన్ను మూసి,
చేటల చూసినట్టే చూసింది.
"పుచ్చులు కావు బిడ్డా.
తడి తగిలినయి.
రెండెండలు పోస్తే వాపసొస్తయి."
కొన్ని వస్తయి, అన్న.
ఎన్ని అనేది చెప్పలే.
ఆ మూలది ఎండకు తిరిగే తీరు కాదని గూడ చెప్పలే.
మూడు నెలలకొకసారి స్కానింగుకు రావాలె అంటే
"సీజనయినంక" అన్నది.

పోతపోత తువ్వాల మూట విప్పి
రెండు పిడికిళ్ల పల్లీలు నా బల్ల మీద పోసింది.
నీకోసం ఏరినవే, అన్నది.

రాత్రి ఇంట్ల బల్బు కింద కూసోని
ఏరినవే మళ్ల ఏరిన.
మంచివి ఇటు, చెడ్డవి అటు.
అన్నీ ఇటే పడ్డయి, ఒక్కటి తప్ప.
ఎర్రటి పొట్టు మీద చిన్న మబ్బుమరక.
బూజు కాదు. కానీ.
ఎటు వెయ్యాల్నో తెల్వక
అరచేతుల్నే ఉంచుకున్న.